కంపు కొట్టే రాయి చెప్పే రసాయన పాఠం

కొత్తగా వేసిన స్లాబు మీద చిన్న చిన్న గట్లు కట్టి, రోజుల తరబడి నీళ్లు నిలబెట్టడం మీరు చూసే ఉంటారు. మేస్త్రీలు దానిని 'క్యూరింగ్' అంటారు. సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయన చర్య పూర్తి కావాలంటే కొంత గడువు కావాలి. ఆ గడువు ఇవ్వకుండా తొందరపడితే స్లాబు బీటలు వారుతుంది.

సముద్రపు చేపలను, పగడపు జీవులను అద్దాల తొట్టెలో పెంచేవారు కూడా ఇదే మాట వాడతారు. అయితే వారు క్యూరింగ్ చేసేది స్లాబును కాదు, రాయిని. ఆ రాయి పేరు 'లైవ్ రాక్'. తెలుగులో 'సజీవ శిల' అనవచ్చు. రాయికి ప్రాణం ఏమిటి? దానిని వారాల తరబడి ఉప్పునీటిలో ఎందుకు నానబెట్టాలి? మొదటి రోజుల్లో అది కుళ్లిన గుడ్ల కంపు ఎందుకు కొడుతుంది? ఆ కంపు పోయేదాకా ఆగకుండా చేపలను వదిలితే అవి ఒకటి రెండు రోజుల్లోనే ఎందుకు చనిపోతాయి? ఈ ప్రశ్నలకు జవాబులు వెదుకుతూ పోతే, ప్రకృతిలో నత్రజని తిరిగే దారి మనకు కనిపిస్తుంది.

ఈ విషయాన్ని సముద్రానికి దూరంగా ఉన్న ఒక చోట నిలబడి చూద్దాం. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద భన్‌పురి అనే పారిశ్రామిక ప్రాంతం ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా 1931లో పూర్తయిన రైలుమార్గం రాయ్‌పూర్‌ను మన తీరంతో కలుపుతుంది. ఆ దారిన విశాఖ సముద్రం 500 కిలోమీటర్లకు పైమాటే. సముద్రం పక్కనే ఉన్నవారికి నీరూ, ఉప్పూ, సూక్ష్మజీవులూ అన్నీ అలలే తెచ్చిపెడతాయి. భన్‌పురిలో ఉన్న విద్యార్థి మాత్రం వీటిని ఒక్కొక్కటిగా సమకూర్చుకోవాలి. అందుకే సముద్రం చేసే పని ఏమిటో తెలుసుకోవడానికి ఇలాంటి చోటే అనువైనది.

సజీవ శిల అంటే ఏమిటి?

పగడం మొక్క కాదు, రాయి కాదు; ఒక చిన్న జంతువు. అది సముద్రపు నీటిలోని కాల్షియంను, కార్బొనేట్‌ను తీసుకుని తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. తరాలు గడిచేకొద్దీ గూళ్ల మీద గూళ్లు పేరుకుని పగడపు దిబ్బ అవుతుంది. తుపానులకు, అలల తాకిడికి ఆ దిబ్బ నుంచి ముక్కలు విరిగి పడతాయి. వాటిలో పగడం చనిపోయి ఉంటుంది. కాని ఆ గూడు ఖాళీగా ఉండిపోదు. రాతిని తొలిచే పురుగులు, స్పంజికలు, ఆల్చిప్పలు దానిలో సొరంగాలు చేస్తాయి. పైన గులాబీ, ఊదా రంగుల సున్నపు నాచు పూత పూసినట్లు పరుచుకుంటుంది. సందుల్లో చిన్న పీతలు, నక్షత్రపు చేపలు, నత్తలు కాపురం పెడతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైన నివాసులు మన కంటికి కనిపించవు. అవి బాక్టీరియా. రాతి పైభాగంలోనూ, లోపలి సన్నని రంధ్రాల గోడల మీదా పలుచని పొరలుగా అవి అతుక్కుని ఉంటాయి. గులకరాయికి బయటి ఉపరితలం మాత్రమే ఉంటుంది. బోలుగా ఉండే ఈ రాతికి లోపలి ఉపరితలం బయటి దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి 'సజీవ శిల'లో జీవించేది శిల కాదు, దానిలో కాపురమున్న జనాభా.

ఈ రాళ్లకు అక్వేరియంలో ఉపయోగం ఉందని మొదట గట్టిగా చెప్పినవారిలో ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒకరు. సముద్రపు రాళ్లు, సముద్రపు నీరు, గాలి బుడగలు, వెలుతురు ఉంటే చాలు, తొట్టె తనను తానే శుభ్రం చేసుకుంటుందని ఆయన 1961లో ఒక పత్రికలో వివరించాడు. తరువాతి దశాబ్దాలలో జర్మనీలోని ఔత్సాహికులు ఈ పద్ధతికి ఇంకొక పరికరాన్ని జోడించారు. నీటిలో బుడగలు పుట్టించి, వాటికి అంటుకున్న సేంద్రియ పదార్థాన్ని నురగ రూపంలో బయటికి తీసే ఆ పరికరం పేరు ప్రోటీన్ స్కిమ్మర్. ఇలా రాళ్లతో, స్కిమ్మర్‌తో నడిచే విధానానికి 'బెర్లిన్ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది.

కంపు ఎందుకు?

సముద్రం నుంచి తీసిన రాతిని తడి కాగితాలలో చుట్టి, పెట్టెలో పెట్టి దూరప్రాంతాలకు పంపుతారు. ఆ ప్రయాణంలో స్పంజికలు, పురుగులు, నాచులు చాలా వరకు చనిపోతాయి. చనిపోయినవి కుళ్లుతాయి. కుళ్లడం అంటే సాధారణ బాక్టీరియా ఆ మాంసకృత్తులను విడగొట్టి తినడమే. మాంసకృత్తులలో నత్రజని ఉంటుంది, కొద్దిగా గంధకం కూడా ఉంటుంది. నత్రజని అమ్మోనియాగా బయటపడుతుంది. కుళ్లే క్రమంలో నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతే, ప్రాణవాయువు అక్కరలేని బాక్టీరియా విజృంభించి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. కుళ్లిన గుడ్ల కంపు దానిదే.

అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను. దాని వల్ల చేపలకు పెద్దగా హాని లేదు. రెండవది వాయు రూపపు అమ్మోనియా. ఇది మొప్పల గుండా నేరుగా రక్తంలోకి చొరబడే విషం. ఏది ఎంత ఉంటుందో నిర్ణయించేది ముఖ్యంగా నీటి పి.హెచ్. విలువ. తటస్థంగా, అంటే 7 వద్ద ఉన్న నీటిలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పి.హెచ్. సుమారు 8.2. అక్కడ అది నూటికి ఆరేడు పాళ్లకు చేరుతుంది. మంచినీటి తొట్టెలో చేప తట్టుకోగలిగిన అమ్మోనియా సముద్రపు తొట్టెలో ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

విషాన్ని మార్చే పనివాళ్లు

అమ్మోనియా దానంతట అది మాయం కాదు. దానిని మూడు అంచెలలో మార్చే సూక్ష్మజీవులు ఉన్నాయి.

మొదటి అంచెలో నైట్రొసొమొనాస్ వంటి జీవులు అమ్మోనియాను ఆక్సీకరించి నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అయితే సముద్రపు నీటిలోని క్లోరైడు దాని ప్రభావాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. రెండవ అంచెలో వేరే జాతి బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ హాని చాలా తక్కువ. ఈ రెండు పనులకూ ప్రాణవాయువు కావాలి.

మూడవ అంచె రాతి లోపల జరుగుతుంది. నీటిలోని ప్రాణవాయువు రాతి రంధ్రాలలోకి కొద్ది మిల్లీమీటర్ల లోతు వరకే చేరుతుంది. దారిలో ఉన్న బాక్టీరియా దానిని వాడేస్తాయి. ఇంకా లోపల ప్రాణవాయువు లేని చోట మరో రకం బాక్టీరియా ఉంటాయి. అవి ప్రాణవాయువుకు బదులు నైట్రేట్‌ను వాడుకుని శ్వాసిస్తాయి. అప్పుడు నైట్రేట్ మామూలు నత్రజని వాయువుగా మారి, బుడగల దారిన గాలిలో కలిసిపోతుంది. బోలు రాయికి ఇంత విలువ ఇందుకే: ఒకే ముక్కలో పైన గాలి ఉన్న గది, లోపల గాలి లేని గది రెండూ ఉంటాయి. అయితే ఈ మూడవ పనికి ఒక హద్దు ఉంది. చేపలు ఎక్కువైతే రాయి ఒక్కటే నైట్రేట్‌ను తీర్చలేదు. అప్పుడప్పుడు నీరు మార్చక తప్పదు.

ఈ పనివాళ్ల సంగతి శాస్త్రజ్ఞులకు ఎలా తెలిసింది? 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, పైనుంచి మురుగునీటిని సన్నగా వదిలారు. సుమారు 20 రోజుల వరకు పైన పోసిన అమ్మోనియా కింద అలాగే వచ్చింది. ఆ తరువాత అమ్మోనియా తగ్గి నైట్రేట్ రావడం మొదలైంది. ఇది కేవలం రసాయన చర్యే అయితే మొదటి రోజే జరగాలి కదా! వారు గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. నైట్రేట్ ఆగిపోయింది. అంటే పని చేస్తున్నవి ప్రాణులు! ఆ ప్రాణులను విడదీసి పెంచగలిగినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినొగ్రాడ్‌స్కీ. అది 1890 నాటి మాట.

కథ అక్కడితో ముగియలేదు. రెండవ అంచెలో పనిచేసేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అక్వేరియంలలో ఆ పని చేసేది ముఖ్యంగా నైట్రోస్పైరా అని 1998లో అమెరికాలో తేలింది. 2005లో ఇంకో ఆశ్చర్యం. సియాటిల్ నగరంలోని అక్వేరియం తొట్టె నుంచి అమ్మోనియాను తినే ఒక కొత్త జీవిని వేరుచేశారు. అది బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినది. దానికి నైట్రొసొప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. ఈ వర్గపు జీవులు మహాసముద్రాలలో అపారంగా ఉన్నాయని తరువాత తెలిసింది. ఇంత పెద్ద సంగతికి దారి చూపింది ఒక చేపల తొట్టె!

ఎందుకింత ఆలస్యం?

సాధారణ బాక్టీరియా ఆహారం దొరికితే 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. అమ్మోనియాను తినేవి అలా కాదు. వాటికి అమ్మోనియా నుంచి దక్కే శక్తి చాలా కొద్ది. ఆ కొద్ది శక్తితోనే బొగ్గుపులుసు వాయువు నుంచి తమ శరీరాన్ని తామే కట్టుకోవాలి. అందుకే అవి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

చిన్న లెక్క వేయండి. పది సార్లు రెట్టింపైతే ఒకటి 1,024 అవుతుంది. ఈ వెయ్యి రెట్ల పెరుగుదలకు సాధారణ బాక్టీరియాకు పట్టేది 3 గంటల 20 నిమిషాలు. మన పనివాళ్లకు పట్టేది 10 రోజులు. కుళ్లబెట్టేవి గంటల్లో పెరుగుతాయి. శుభ్రం చేసేవి వారాల్లో పెరుగుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యవధే చేపలకు మృత్యుకాలం. ఆ వ్యవధి దాటేవరకు రాతిని ప్రాణులు లేని తొట్టెలో విడిగా ఉంచడమే క్యూరింగ్.

క్యూరింగ్ ఎలా చేస్తారు?

దిబ్బల నుంచి, లేదా సముద్రంలో పెంచిన తోటల నుంచి వచ్చిన రాతిని మొదట ఉప్పునీటిలో జాడించి, చనిపోయిన స్పంజికలను, వదులైన నాచును బ్రష్షుతో తీసేస్తారు. చేతులకు తొడుగులు తప్పనిసరి. కొన్ని పురుగుల ముళ్లు చర్మంలో దిగుతాయి. శుభ్రం చేద్దామని రాతిని ఎన్నడూ ఉడికించకూడదు. దాని మీద ఉండే కొన్ని మెత్తని జీవులలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఉడికించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు.

తరువాత రాతిని ప్లాస్టిక్ డ్రమ్ములో, 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న ఉప్పునీటిలో ఉంచుతారు. పంపు పెట్టి నీటిని బాగా కదుపుతారు. దీపం వేయరు, వెలుగు ఉంటే అమ్మోనియాను, నైట్రేట్‌ను తిని పిచ్చినాచు పెరుగుతుంది. కొద్ది రోజులకు ఒకసారి అడుగున చేరిన మడ్డిని తోడి, సగం నీరు మారుస్తారు. అమ్మోనియా మరీ పెరిగితే రాతిపై బతికి ఉన్న జీవులు కూడా చస్తాయి, అప్పుడు కుళ్లు ఇంకా పెరుగుతుంది. నీరు మార్చేది ఆ విషవలయాన్ని తెంచడానికే.

పరీక్ష సాధనాలతో రోజూ కొలిస్తే మూడు గీతలు కనిపిస్తాయి. మొదట అమ్మోనియా కొండలా లేచి దిగుతుంది. అది దిగుతుండగా నైట్రైట్ లేస్తుంది. నైట్రైట్ దిగుతుండగా నైట్రేట్ పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి వారం రోజులు అక్కడే నిలబడి, రాతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రపు గాలి వాసన మాత్రమే వస్తే క్యూరింగ్ ముగిసినట్లు. దీనికి మూడు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

దిబ్బను పగులగొట్టవచ్చా?

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న ఉంది. ప్రతి తొట్టెకూ కిలోల కొద్దీ రాయి కావాలంటే అది ఎక్కడి నుంచి రావాలి?

తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ సంగతి చూడండి. అక్కడి 21 దీవుల చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. సున్నానికి, సిమెంటుకు, కట్టడాలకు వాటిని దశాబ్దాల పాటు తవ్వుకుపోయారు. దిబ్బ అంటే దీవికి అలల నుంచి కాపలా. కాపలా పోయేసరికి కోత పెరిగింది. రెండు దీవులు నీట మునిగాయి. ఆ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణ పగడానికీ వచ్చిందన్నమాట. చచ్చిన పగడపు ముక్కను కూడా సేకరించడం, అమ్మడం నేరమే. కాబట్టి తీరంలో ఎవరైనా పగడపు రాళ్లు అమ్మజూపితే, అది రాయే కదా అని కొనకండి. అమెరికాలోని ఫ్లోరిడా కూడా తన జలాల్లో సహజ శిలల సేకరణను 1989లో నిషేధించింది. ఆవలి జలాల్లో సేకరణ 1997 నాటికి ఆగింది. ఇప్పుడు అక్కడ గనుల నుంచి తెచ్చిన సున్నపురాళ్లను సముద్రంలో పేర్చి, వాటిపై జీవం చేరాక తీసుకుంటారు.

మరి భన్‌పురి విద్యార్థి ఏం చేయాలి? జీవం ముఖ్యం, రాయి దానికి ఇల్లు మాత్రమే అని తెలుసుకున్నాం కదా! ఇల్లు మనమే కట్టవచ్చు.

సిమెంటు రాయి: రెండు క్యూరింగులు

ఒక పాలు సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు రెండు పాళ్లు ఆల్చిప్పల ముక్కలు (కోళ్ల దాణాలో వాడేవి) లేదా సున్నపురాతి చిప్స్, ఒకటి రెండు పాళ్లు కల్లుప్పు కలపండి. ముద్ద కట్టేందుకు సరిపడా నీరు మాత్రమే చల్లండి. నీరు ఎక్కువైతే ఉప్పు ముందే కరిగిపోతుంది. తడి ఇసుకలో గుంటలు చేసి అందులో పోసి, వంకరటింకర ముద్దలుగా ఆరనివ్వండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు వేసుకోండి.

రెండు మూడు రోజుల తరువాత వీటిని మంచినీటిలో వేయండి. కల్లుప్పు కరిగి బయటికి వస్తుంది. అది ఉన్న చోట రంధ్రాలు మిగులుతాయి. ఇక మొదటి క్యూరింగ్ మేస్త్రీల క్యూరింగే. సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం పుడుతుంది. దాని వల్ల నీటి పి.హెచ్. 12 దాటుతుంది. ఏ ప్రాణీ అందులో బతకదు. అందుకని నీరు మారుస్తూ నాలుగు నుంచి ఎనిమిది వారాలు నానబెట్టాలి. కొంత సున్నం నీటిలో కరిగిపోతుంది. కొంత గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. వెల్ల వేసిన గోడ గట్టిపడడం కూడా ఇదే చర్య. రాతిని ఒక రాత్రి కొత్త నీటిలో ఉంచినా పి.హెచ్. 8.5 దాటకపోతే ఇల్లు సిద్ధమైనట్లు.

రెండవ క్యూరింగ్ కాపురాలు పెట్టించడం. దీనికి ఉప్పునీరు, విత్తనం, ఆహారం కావాలి.

ఉప్పునీటికి వంటింటి ఉప్పు పనికిరాదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో సోడియం, క్లోరైడు కలిసి 30 గ్రాములు. మిగిలిన దానిలో సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరొక 0.4 గ్రాములు. ఇవన్నీ ఉన్న కృత్రిమ సముద్ర లవణం అక్వేరియం దుకాణాలలో దొరుకుతుంది. 100 లీటర్లకు దాదాపు మూడున్నర కిలోలు పడుతుంది. సాంద్రమాపకంతో చూస్తే 1.025 దగ్గర ఉండాలి. రాయ్‌పూర్ ప్రాంతం సున్నపురాతి నేల కాబట్టి బోరు నీరు కఠినజలం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది బాక్టీరియాను చంపుతుంది. ఆర్.ఓ. నీరు వాడితే ఈ రెండు చిక్కులూ ఉండవు.

విత్తనానికి, చాలాకాలంగా నడుస్తున్న సముద్రపు తొట్టె నుంచి పిడికెడు ఇసుక గాని, ఫిల్టరు స్పాంజి ముక్క గాని తీసుకురండి. మంచినీటి తొట్టెలోనిది సరిగా పనిచేయదు. అక్కడి బాక్టీరియా ఈ ఉప్పుకు అలవాటు పడినవి కావు. సీసాలలో అమ్మే సముద్రపు బాక్టీరియానైనా వాడవచ్చు.

ఆహారం అమ్మోనియం క్లోరైడు. కళాయి వేసేవారు వాడే నవాసాగరం ఇదే. అయితే మీరు ప్రయోగశాలలోని శుద్ధమైనదే తీసుకోండి. నత్రజని లెక్కలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేట్లు చేద్దాం. 100 లీటర్లకు 200 మిల్లీగ్రాముల నత్రజని కావాలి. 53.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడులో నత్రజని 14 గ్రాములు. కాబట్టి 200ను 53.5తో గుణించి 14తో భాగిస్తే 764 మిల్లీగ్రాములు, చిటికెడు మాత్రమే.

వేడి, కరెంటు, గాలి

ఇప్పుడు భన్‌పురిలో మీ డ్రమ్ముకు అసలు పరీక్ష వస్తుంది. ఒక గ్రాము నత్రజని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా చేరడానికి 4.57 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. మన 200 మిల్లీగ్రాములకు 914 మిల్లీగ్రాములు కావాలి. 25 డిగ్రీల వద్ద లీటరు సముద్రపు నీరు ఇముడ్చుకోగల ప్రాణవాయువు సుమారు 6.75 మిల్లీగ్రాములు, 100 లీటర్లకు 675. అంటే నీటిలో కరిగి ఉన్న మొత్తం ప్రాణవాయువు కూడా చాలదు! గాలి నుంచి ఎప్పటికప్పుడు కొత్తది కరుగుతూ ఉండాలి. పంపు, బుడగలు అలంకారానికి కాదని ఈ లెక్క చెబుతుంది.

వేడి పెరిగేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 35 డిగ్రీల వద్ద లీటరుకు 6 మిల్లీగ్రాముల కంటే తక్కువే. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. అందుకని డ్రమ్మును ఇంట్లో చల్లని మూల ఉంచండి. వేసవిలో కాక శీతకాలంలో మొదలుపెట్టడం మంచిది. కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ గాలిపంపు సిద్ధంగా ఉంచుకోండి. ఇనుము, ఉక్కు మిల్లులు ఉన్న ప్రాంతం కనుక గాలిలోని లోహపు దుమ్ము పడకుండా, గాలి ఆడేలా మూత పెట్టండి.

ఇంకొక సంగతి. అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము నత్రజనికి పుట్టే ఆమ్లాన్ని తటస్థం చేయడానికి దాదాపు 7 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారగుణం ఖర్చవుతుంది. పి.హెచ్. బాగా పడిపోతే బాక్టీరియా పని మందగిస్తుంది. ష్లోజింగ్, మ్యూంట్జ్‌ల గొట్టంలో ఇసుకతో పాటు సున్నపురాయి కూడా ఉందని గుర్తుందా? అది ఆ ఆమ్లాన్ని తీర్చింది.

మీరే చేసి చూడండి

రెండు బకెట్లు తీసుకోండి. రెండింటిలో ఒకే ఉప్పునీరు, ఒకే రకం సిమెంటు రాళ్లు, ఒకే కొలత అమ్మోనియం క్లోరైడు, చెరొక గాలిపంపు పెట్టండి. ఒకదానిలో మాత్రమే విత్తనపు ఇసుక వేయండి. రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కొలిచి గ్రాఫు కాగితం మీద గీయండి. విత్తనం వేసిన బకెట్టులో అమ్మోనియా ఎన్నవ రోజున దిగింది? రెండవ దానిలో ఎన్నవ రోజున? ఆ తేడా దేని వల్ల వచ్చిందో మీ తరగతిలో చర్చించండి. చేపలు కొనే ఆలోచన మొదటి బకెట్టులో రెండు గీతలూ సున్నాకు చేరి వారం నిలబడ్డాకే.

కాళ్ల కింద ఉన్న సముద్రం

భన్‌పురికి సముద్రం దూరమని మొదట అనుకున్నాం. ఈనాటి సముద్రం దూరమే. కాని రాయ్‌పూర్ పరిసరాల సున్నపురాళ్లు ఒకనాటి లోతు తక్కువ సముద్రంలో పుట్టినవి. వాటి వయస్సు సుమారు 100 కోట్ల సంవత్సరాలు. అప్పటికి చేపలు లేవు, పగడాలు లేవు. భూగర్భశాస్త్రజ్ఞులు 'చండి' శ్రేణి అని పిలిచే ఈ రాళ్లలో, ఉల్లిపాయ పొరల వంటి గీతలున్న గుండ్రని ఆకారాలు కనిపిస్తాయి. అవి స్ట్రొమటోలైట్లు. నీలి ఆకుపచ్చ బాక్టీరియా పలుచని చాపలా పరుచుకుని, మీద పడిన సున్నపు రేణువులను పట్టి ఉంచి, మళ్లీ వాటిపైకి పాకి, పొర మీద పొరగా కట్టిన రాళ్లు. ఆనాటి సజీవ శిలలన్నమాట!

రాయ్‌పూర్, బలోదాబజార్ ప్రాంతాలలో సిమెంటు కార్ఖానాలు వెలిసింది ఈ సున్నపురాతి నిక్షేపాల కోసమే. ఆ సిమెంటుతో మీరు ఒక బోలు రాయి పోసి, ఉప్పునీటిలో పెట్టి, ఓపికగా కాచుకుంటే, సూక్ష్మజీవులు తిరిగి దానిలో కాపురం పెడతాయి. ఇందుకు ఏ పగడపు దిబ్బనూ పగులగొట్టనక్కరలేదు. కావలసింది కొన్ని వారాల ఓర్పు, రోజు విడిచి రోజు ఒక కొలత, గీయడానికి ఒక గ్రాఫు కాగితం.